ఎవరి క్షేమానికి ఈ గ్లాసు?



టోస్టు అంటే మనకు తెలిసినది చాయిలో ముంచుకొని తినే ఎండు రొట్టె. అయితే మన తెలకపల్లి వైపు పెండ్లి విందుల్లోనూ ఇప్పుడు మరో టోస్టు వినబడుతున్నది. కేకు కోసిన తరువాత ఒక పెద్దమనిషి గ్లాసు ఎత్తి, వధూవరుల క్షేమం కోరి నాలుగు మాటలు చెబుతాడు. అందరూ తాగుతారు. రొట్టెకూ దీవెనకూ ఒకే పేరు ఎట్లా వచ్చింది?

'కాల్చిన' అనే అర్థమున్న లాటిను మాట దీనికి మూలం. పూర్వం ఇంగ్లండులో రుచి కోసం కాల్చిన రొట్టెముక్కను ద్రాక్షారసంలో వేసేవారు. ఎవరి పేరు చెప్పుకొని తాగితే ఆ పేరే పానీయానికి రుచినిస్తుందనే చమత్కారంతో, సుమారు 1700 నాటికి ఆ వ్యక్తినే టోస్టు అనసాగారు. రొట్టెముక్క పోయింది, పేరు మిగిలింది. మన జొన్నరొట్టెకు అంత అదృష్టం పట్టలేదు!

భావం మాత్రం మనకు కొత్తది కాదు. కల్లు తాగే ముందు రెండు చుక్కలు నేలపై చిలకరించేవారిని మీరు చూసే ఉంటారు. ఆ నమ్మకం మనది కాకపోయినా, తాగేది నా ఒక్కడి కోసమే కాదన్న ఒప్పుకోలు అందులో ఉన్నది.

చిక్కు వచ్చేది ఇక్కడ. "నా బిడ్డ పెండ్లిల ఒక్క గుక్క తాగకుంటే నామీద ప్రేమ లేనట్టే" అంటాడు మామ. ఎదుట నిలుచున్నవాడు ఎనిమిది నెలలుగా మానుకొని ఉన్నాడు. పందిరికి అటువైపు అతని భార్య ఆ గ్లాసునే చూస్తున్నది. ఇప్పుడు చెప్పండి, అతడు తాగితే ఎవరికి క్షేమం?

ప్రేమించడమంటే ఎదుటివాని మేలు కోరడమని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. తాగితే మైకం కమ్ముతుందని తెలిసీ ఎదుటివానికి తాగించినవాడు నిర్దోషి కాడనీ ఆయనే అన్నారు. కనుక మామ అడిగినది ప్రేమకు రుజువు కాదు, లొంగుబాటు.

"కానాలో ప్రభువు ఆరు రాతిబానల నీటిని ద్రాక్షారసంగా మార్చారు కదా ఫాదర్?" అని మీరు అడుగవచ్చు. మార్చారు, నేను కాదనను. పెండ్లివారు నలుగురిలో చిన్నబోకుండా కాపాడారు. ఒక ఇంటి పరువు నిలిపిన అద్భుతాన్ని మరొక ఇంటి పరువు తీయడానికి సాక్ష్యంగా పిలవడం నాకు నచ్చదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం వచ్చింది. విందులో ఎత్తే గ్లాసుకు ఇంట్లో ఎవరు వెల చెల్లిస్తారో వారికి తెలుసు.

నాలుగవ శతాబ్దంలో పునీత మోనికమ్మ తన ఆఫ్రికా దేశాచారం ప్రకారం మిలాను నగరంలో కూడా వేదసాక్షుల సమాధులకు ఆహారం, ద్రాక్షారసం తీసుకొనిపోయింది. నలుగురితో పంచుకొని కొద్దిగా చప్పరించేది, అంతే. తాగుబోతులకు అవకాశం కలుగుతుందని బిషప్ పునీత అంబ్రోసు అటువంటి కానుకలు వద్దన్నారని ద్వారపాలకుడు ఆమెను ఆపివేశాడు. ఆమె వాదించలేదు. అప్పటినుండి బుట్ట ఇంట్లో పెట్టి ప్రార్థనతో వెళ్ళేది, ఇవ్వగలిగినది పేదలకిచ్చేది.

వచ్చే మాఘమాసపు పెండ్లిళ్ళలో మీరు గ్లాసు ఎత్తితే ఎత్తండి. అందులో మజ్జిగ పోసుకున్నవానిని, ఎందుకని మాత్రం అడగకండి.