పిల్లలకి శ్రద్ధగా నేర్పడమంటే

మా పెద్దాడు ఇంటర్ మొదటి సంవత్సరం. రెండు నెలల క్రితం ఒక ఆదివారం పొద్దున, "నేను చర్చికి రాను నాన్నా, మీరు వెళ్ళండి" అన్నాడు. ఒంట్లో బాలేదా అంటే అదేం లేదన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆదివారం ఆరాధన మానే అలవాటు మన ఇంట్లో ఎప్పుడైనా ఉందా అని అడిగాను. వాడు తల దువ్వుకుంటూనే, "టెన్త్‌లో పది నెలలు మాన్పించావు కదా" అన్నాడు.

నిజమే. ఆ ఏడాది స్కూల్లో ఆదివారం కూడా స్టడీ అవర్సు పెట్టారు, పొద్దున ఏడున్నర నుంచి ఒంటిగంట దాకా. మేం ఒక్క మాట అనలేదు. పైగా టిఫిన్ బాక్సు నేనే తీసుకెళ్ళి ఇచ్చి, అటు నుంచి అటే చర్చికి వెళ్ళేవాణ్ణి. పరీక్షలయ్యాక చూసుకుందాం, దేవుడికి మాత్రం తెలియదా మన పరిస్థితి అనుకున్నాం. మార్కులు బాగానే వచ్చాయి. కృతజ్ఞత కానుక కూడా ఇచ్చాం.

పిల్లల పెంపకం మీద ప్రసంగం అంటే నేను ఎక్కువగా విన్నవి రెండు వాక్యభాగాలు. ఒకటి ఏలీ కథ. యాజకుడైన ఏలీ కొడుకులు బలి మాంసాన్ని దౌర్జన్యంగా లాక్కుంటుంటే ఆయన నోటితో మందలించాడే గానీ ఆపలేదు. కాబట్టి బెత్తం తియ్యండి అని ప్రసంగం ముగుస్తుంది. మొన్న మొదటి సమూయేలు 2వ అధ్యాయం మళ్ళీ చదివితే, దేవుడు ఏలీ మీద మోపిన నేరంలో ఇంకో మాట కనిపించింది. నైవేద్యాల్లో శ్రేష్ఠమైన భాగాలతో మిమ్మల్ని మీరు కొవ్వబెట్టుకున్నారని. అంటే తండ్రికీ అందులో వాటా ఉందన్నమాట. కొడుకు మార్కుల గురించి బంధువులందరికీ ఫోన్లు చేసినవాణ్ణి కదా, ఆ మాట నాకు గుచ్చుకుంది.

రెండోది ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం, 7వ వచనం. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు దేవుని మాటలు పిల్లలకి నేర్పమంటుంది. తెలుగు బైబిల్లో 'అభ్యసింపజేసి' అని ఉంటుంది. హీబ్రూలో అక్కడున్న క్రియకి మూలం పదును పెట్టడం, కత్తికి సాన పట్టినట్టు. ఈ పోలిక దొరికితే నాలాంటి తండ్రులకి పండగే. రాత్రి కుటుంబ ప్రార్థనలో వాక్యాలు అప్పజెప్పించడం, తప్పితే మళ్ళీ చెప్పించడం, ఫోన్ లాక్కుని ఎవరితో మాట్లాడుతున్నాడో చూడటం, అన్నీ సాన కిందికే వస్తాయి. చిన్నపిల్లలకి ఇందులో కొంత కావాలి, కాదనను. ఆరేళ్ళప్పుడు ఏదీ నేర్పకపోతే, పదహారేళ్ళకి కాదనడానికైనా వాడి దగ్గర ఏమీ ఉండదు. కానీ పదహారేళ్ళవాణ్ణి కూడా అలాగే సాన పడుతూ పోతే కత్తి అరిగిపోతుంది. ఎఫెసీయులకు రాసిన పత్రికలో, పిల్లలకి కోపం రేపొద్దని పౌలు చెప్పింది తండ్రులకే.

అదే అధ్యాయంలో ఇంకా కిందికి వెళితే 20వ వచనం ఉంది. రేపు నీ కొడుకు, ఈ కట్టడలన్నీ ఏమిటని నిన్ను అడిగితే ఏం చెప్పాలో అక్కడ ఉంది. అడగడమే తప్పని లేదు. అడుగుతాడనే లెక్క. చెప్పమన్న జవాబు కూడా, ఇది ఆజ్ఞ కాబట్టి నోరు మూసుకుని చెయ్యి అని కాదు. మేం ఐగుప్తులో బానిసలుగా ఉండేవాళ్ళం అని మొదలవుతుంది. తండ్రి తన వాళ్ళ కథ చెప్పాలి, అదీ గొప్పగా లేని చోటు నుంచి.

నా కథ నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళప్పుడు హైదరాబాదులో ఉద్యోగం కోసం తిరుగుతూ మూడేళ్ళు చర్చి గడప తొక్కలేదు. దేవుడి మీద కోపం కూడా లేదు, అసలు గుర్తు రాలేదు. ఇది చెబితే మానెయ్యమని నేనే చెప్పినట్టవుతుందని భయం. మా ఆవిడకీ అదే భయం.

చివరికి ఒక సాయంత్రం కాలేజీ నుంచి తీసుకొస్తూ బండి మీద చెప్పాను. బండి మీదైతే మొహాలు కనపడవు, అది నయం. ఆ మూడేళ్ళలో ఒకసారి ఊరెళ్ళాను. అమ్మ అన్నానికి బియ్యం కొలిచి, అందులోంచి పిడికిట్లో తీసి చర్చి డబ్బాలో వేస్తోంది. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఇది మామూలే, పోగైన బియ్యాన్ని తీసుకెళ్ళి సంఘానికి ఇస్తారు. ఇంట్లో ఉండేది అమ్మా నాన్నా ఇద్దరే. మూడో పిడికెడు ఎవరిదని అడిగాను. "నీదేరా" అంది. చర్చికి వెళుతున్నావా అని ఆ రోజు కాదు, ఆ మూడేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"అందుకని తిరిగొచ్చావా?" అన్నాడు వాడు.

"లేదురా. అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత ఏడాదిన్నరకి గానీ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళానో నాకూ సరిగ్గా తెలీదు."

రైల్వే గేటు పడి ఉంది. బండి ఆపాక, "మరి మనింట్లో ఎందుకు తియ్యం?" అన్నాడు. కానుక ఫోన్లోంచి పంపిస్తున్నాం కదా అనబోయి ఊరుకున్నాను.

"నానమ్మ ఇప్పుడు ఎన్ని పిడికిళ్ళు తీస్తోంది నాన్నా?"

"ఏమో. ఫోన్ చేసి అడుగు" అన్నాను.

ఇది జరిగి మూడు వారాలైంది. అడిగాడో లేదో నేను వాకబు చెయ్యలేదు. ఆదివారాలు ఇంకా రావడం లేదు.