చదువుకు ప్రయోజనం అడగడం తప్పా?

డిగ్రీ అయింది, బీఈడీ అయింది, డీఎస్సీలో మార్కులు చాలలేదు. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో తెలియదు. ఈలోగా ఎంఈడీలో చేరాలా? ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఈ ప్రశ్న తగలని ఊరు ఉండదు. కొందరికి అది ఎంబీఏ, కొందరికి ఎంసీఏ, ఎంటెక్, ఎం.ఫార్మసీ. ఇంట్లో ఎవరో ఒకరు కాగితం మీద లెక్క వేస్తారు: రెండేళ్ల ఫీజు, హాస్టలు, ఈ రెండేళ్లూ రాకుండా పోయే జీతం, ఆ తర్వాత వస్తుందనుకుంటున్న జీతం. లెక్క కుదరకపోతే పెద్దవాళ్లలో ఒకరు, "చదువుకి లెక్కలేటిరా, చదువెప్పుడూ వృథా పోదు" అంటారు. అంతటితో ఆ కాగితం మడతపడుతుంది. లెక్కలో తప్పు ఎవరూ చూపించలేదు. లెక్క వేయడమే తప్పన్న భావం ఒకటి అందరి నోళ్లూ మూయించింది, అంతే. ఆ భావానికి ధర్మం గొంతు ఉంది కాబట్టి దానితో వాదించడానికి ఎవరికీ మనసొప్పదు. కానీ చదువుకు ప్రయోజనం అడగడం అపచారమని మన శాస్త్రాలు నిజంగా అన్నాయా?

అనలేదు సరికదా, అడగమన్నాయి. సంస్కృతంలో శాస్త్రగ్రంథం రాసేవాడు మొదట్లోనే నాలుగు సంగతులు చెప్పి తీరాలని ఒక మర్యాద ఉంది. ఇది ఎవరి కోసం, ఇందులో విషయం ఏమిటి, ఆ విషయానికీ గ్రంథానికీ సంబంధం ఏమిటి, దీనివల్ల ప్రయోజనం ఏమిటి. వీటినే అనుబంధ చతుష్టయం అంటారు. సదానందుడి వేదాంతసారం వీటిని వరుసగా చెప్పాకే ముందుకు కదులుతుంది. గమనించవలసిన సంగతేమిటంటే, ఆ గ్రంథం చెప్పబోయేది మోక్షం గురించి. మోక్షశాస్త్రం సైతం తన ప్రయోజనాన్ని గుమ్మంలోనే చెప్పుకోవలసి వచ్చింది. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే కుమారిల భట్టు శ్లోకవార్తికంలో ఇంకా కటువుగా అన్నాడు: ప్రయోజనం చెప్పనిదే ఏ శాస్త్రాన్నయినా ఎవరు చేపడతారు, గురి లేకుండా మందబుద్ధి కూడా కదలడు కదా, అని. కుమారిలుడు వేదం ప్రమాణమని జీవితమంతా వాదించిన మీమాంసకుడు. చదువును డబ్బుతో కొలిచే మనిషి కాడు. ఆయనకు లేని మొహమాటం మనకెందుకు?

ఆ నాలుగు ప్రశ్నలూ ఎంఈడీని అడిగి చూద్దాం. టీచర్ల చదువులను నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనలు వచ్చాక బీఈడీ, ఎంఈడీ రెండూ రెండేసి సంవత్సరాల చదువులయ్యాయి. అంతకుముందు ఏడాదిలో అయిపోయేవి. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు పట్టాల వరకు డిగ్రీ, బీఈడీ చాలు. జూనియర్ కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే పీజీటీకి ఆ సబ్జెక్టులో పీజీ, దానికి తోడు బీఈడీ ఉండాలి. ఎంఈడీ ప్రధానంగా అక్కరకొచ్చేది రేపటి టీచర్లను తయారుచేసే చోట, అంటే బీఈడీ కాలేజీల్లో, శ్రీకాకుళం జిల్లా వమరవల్లిలో ఉన్నలాంటి డైట్ సంస్థల్లో. 2025లో రాష్ట్రం 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ నిర్వహించినప్పుడు ఎంపికకు డీఎస్సీ పరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం లెక్కించారు. ఎంఈడీ పట్టాకు అందులో చోటే లేదు. అంటే డీఎస్సీ మీద ఆశతో ఎంఈడీలో చేరే మనిషికి ప్రయోజనం ఒకచోట, చదువు మరొకచోట ఉన్నాయి. రెంటికీ మధ్య సంబంధం లేదు. చదువు చెడ్డదని కాదు, ఆ మనిషి అడిగే పని అది చేయదు.

ఈ సంబంధం అన్న మాట పండితుల వ్యవహారంగా కనిపించవచ్చు గానీ, దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఈమధ్య తేల్చింది సరిగ్గా దాన్నే. 2018 జూన్‌లో ఎన్‌సీటీఈ బీఈడీ చేసినవాళ్లు ఒకటి నుంచి అయిదు తరగతులకూ టీచర్లు కావచ్చని ప్రకటించింది. ఎస్జీటీ పోస్టులు అందుతాయని వేలమంది ఆశపడ్డారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది కుదరదని చెప్పింది. చిన్నపిల్లలకు చదువు చెప్పే విద్య వేరు, బీఈడీ నేర్పేది అది కాదు అన్నది తీర్పు సారాంశం. అయిదేళ్లలో ఒకే పట్టా విలువ ఒకసారి పెరిగి మరోసారి తరిగింది. పట్టా చేతబట్టుకున్నవాళ్ల తెలివిలో, ఓపికలో, పిల్లల మీది ప్రేమలో ఈ మధ్యకాలంలో వచ్చిన మార్పేమీ లేదు. విలువ ఇంత సులువుగా బయటినుంచి మారిపోగలిగిన వస్తువును పట్టుకుని అది సాక్షాత్తూ విద్య, దానికి లెక్కలు పనికిరావు అనడం విద్యను గౌరవించడమా?

ఇక్కడ గీత చదివినవాళ్లు అడ్డుతగులుతారు. పని మీదే నీకు అధికారం, ఫలితం మీద కాదు అని కృష్ణుడు చెప్పాడు కదా, ఫలం కోసం చదవడం తక్కువ రకం చదువు కాదా అని. ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసుకోలేం. అయితే అదే గీత పద్దెనిమిదో అధ్యాయంలో కర్మలను మూడు రకాలుగా విడదీసి చెప్పింది. పర్యవసానం, నష్టం, ఇతరులకు కలిగే హింస, తన శక్తి, ఈ నాలుగింటినీ చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టే పనిని తామసమంది. రాజసం కూడా కాదు, అంతకన్నా కింది మెట్టు. ఫలం మీద వ్యామోహం వద్దన్నది పని చేస్తున్నప్పటి మనసు గురించి. పని మొదలుపెట్టే ముందు కళ్లు తెరిచి చూడమన్నది వివేకం గురించి. మొదటి ఉపదేశాన్ని తెచ్చి రెండోదాని నోరు నొక్కడం మన ఇళ్లలో బాగా అలవాటైపోయింది.

ఆ నాలుగింటిలో నష్టం, హింస అన్న రెండింటి దగ్గర కాస్త ఆగాలి. నష్టం అందరికీ ఒకే బరువు కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకు వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. అటువంటి ఇంట్లో రెండేళ్ల ఫీజు, విజయనగరంలో ఉద్యోగస్తుడి ఇంట్లో రెండేళ్ల ఫీజు కాగితం మీద ఒకే అంకె అయినా ఒకే భారం కాదు. దానికి తోడు 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. అప్పట్లో ఆ భారం నేరుగా ఇంటి మీద పడింది. ఇక హింస. అన్నగారి ఎంబీఏకి బ్యాంకులో తాకట్టుపడ్డ బంగారం ఎవరిది, ఇంటర్‌తో ఆగిపోయిన చెల్లెలిది కాదా? గురజాడ ఈ లెక్కను ఎప్పుడో చూశారు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో ఒకే ఇంట్లో కొడుకు ఇంగ్లీషు చదువు ఖర్చు పద్దు, శుల్కం తీసుకుని ముసలివాడికిచ్చి పెళ్లి చేయాలనుకున్న చిన్నపిల్ల సుబ్బి జమ పద్దు. ఆ కొడుకు వెంకటేశానికి చదువు అబ్బలేదన్నది నాటకం చూసినవాళ్లందరికీ తెలుసు. శుల్కం ఆచారం పోయింది గానీ, ఒకరి చదువును ఇంట్లో మరొకరు మోయడం పోలేదు. ఆ మోసేవాళ్లను అడగకుండా తీసుకునే నిర్ణయం ఎంత పవిత్రంగా వినిపించినా గీత చెప్పిన మూడో రకంలోకే వస్తుంది.

మరి చదువు వృథా పోదన్న మాటలో నిజమే లేదా? ఉంది, అయితే ఆ నిజం పట్టాది కాదు. ఛాందోగ్యంలో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వచ్చి తను చదివినవన్నీ ఏకరువు పెడతాడు. వేదాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్రవిద్య, సర్పవిద్య, ఇంకా ఎన్నో. మన వాఙ్మయంలో అంత పెద్ద బయోడేటా మరొకటి లేదు. అన్నీ చెప్పి, అయినా దుఃఖం పోలేదంటాడు. సనత్కుమారుడు ఆ చదువుల్ని తప్పుపట్టడు. ఇవన్నీ పేర్లు, అంతవరకు వాటికి విలువ ఉంది, దానికి మించినది వేరే ఉంది అని చెప్పుకుంటూ పోతాడు. వృత్తి కోసం చేసే పీజీ ఆ వరుసలో ఎక్కడో కింది మెట్టు మీద ఉంటుంది. అది సాధనం. సాధనాన్ని సాధ్యంతో కొలవడంలో అవమానమేమీ లేదు. దాన్ని పరమవిద్య పీఠం మీద కూర్చోబెట్టి దణ్ణం పెడితేనే చిక్కు.

బతుకుతెరువు చదువు, అసలు విద్య అన్న ఈ రెండు పద్దుల్నీ కలపకుండా జీవితమంతా నడుపుకున్న మనిషి మన ప్రాంతంలోనే ఉండేవారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్ఫై రూపాయల జీతం మీద టీచరుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., మరో పదేళ్లకు, 1896లో బి.ఏ. పూర్తి చేశారు. ఆ బడి కాలేజీ అయినప్పుడు పై తరగతులకు పాఠం చెప్పే అవకాశం వచ్చింది. ఆ పరీక్షల ప్రయోజనం స్పష్టం, ఆయనకు దాని గురించి భ్రమలేమీ ఉన్నట్టు కనిపించదు. ఇక ఆయన్ని గిడుగు చేసిన చదువు వేరు. కొండల్లో సవరల భాష ఏ విశ్వవిద్యాలయంలోనూ పాఠం కాదు. అది తెలిస్తే జీతం పెరగదు. దాన్ని సవరల దగ్గరే నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే బడి పెట్టి, దశాబ్దాల శ్రమ తర్వాత 1931లో సవర భాష మీద ఇంగ్లీషులో పెద్ద గ్రంథం ప్రచురించారు. నిష్కామకర్మ అన్న మాటకు మన జిల్లాల్లో ఉదాహరణ వెతికితే ఇంతకన్నా మంచిది దొరకదు. గమనించండి, దానికి ఆయన ఏ కాలేజీలోనూ ఫీజు కట్టలేదు. అప్పట్లో అటువంటి కోర్సులు లేవు కాబట్టి గతిలేక అలా చేశారంటారా? కావచ్చు. కోర్సు ఉండి ఉంటే ఆయన చేరేవారేమో కూడా. అప్పుడైనా ఆయనకు సవర నేర్పేది సవరలే గాని కోర్సు కాదు.

దీనికి మరో ఆక్షేపణ ఉంది, అన్నిటిలోకీ బలమైనది. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని కుటుంబాల్లో పీజీ పట్టా జీతం కోసమే కాదు, ఊళ్లో తలెత్తుకోవడానికి. ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టింది ఊరికే కాదు. లెక్కలు వేసుకోమని చెప్పడం ఇప్పటికే అన్నీ ఉన్నవాళ్ల సుద్దు అంటే నాకు వెంటనే జవాబు తోచదు. అయితే అంబేద్కర్ జీవితమే ఇక్కడ రెండువైపులా సాక్ష్యం చెబుతుంది. ఆయన కొలంబియాకు వెళ్లింది బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో, తిరిగొచ్చి పదేళ్లు సంస్థానంలో పనిచేస్తానన్న ఒప్పందంతో. ఖర్చు ఎవరిది, రుణం ఎలా తీరాలి అన్నవి ముందే కాగితం మీద ఉన్నాయి. 1917లో అంత పెద్ద చదువుతో బరోడాకు వస్తే ఆయనకు అద్దెకు గది దొరకలేదు. ఆఫీసులో బంట్రోతులు అంటు తగులుతుందని ఫైళ్లు దూరం నుంచి విసిరేవారు. పట్టా గౌరవం తెచ్చిపెట్టలేదు. ఆ గౌరవాన్ని పోరాడి గుంజుకునే శక్తిని ఆ చదువు ఇచ్చింది. కాబట్టి గౌరవం నిజమైన ప్రయోజనమే, దాన్ని ప్రయోజనంగానే పేరు పెట్టి పిలుద్దాం. అప్పుడు ఈ కాలేజీలో, పాఠాలు సరిగా జరగని ఈ కోర్సులో ఆ శక్తి వస్తుందా అని అడగడానికి వీలవుతుంది. దాని ఖర్చు కొబ్బరితోట మోయాలా, ప్రభుత్వం మోయాలా అని కూడా అడగవచ్చు.

పైకి చెప్పని మరో ప్రయోజనం ఉంది. ఆడపిల్లల విషయంలో పీజీ చాలాసార్లు పెళ్లిని రెండేళ్లు వాయిదా వేసే మర్యాదైన సాకు. ఆ రెండేళ్లలో ఆమెకు బస్సెక్కి వెళ్లే ఊరు, తనదైన స్నేహబృందం, తన కాళ్ల మీద నిలబడే ఆలోచన దొరుకుతాయి. జీతం లెక్కలో ఇది ఎక్కడా కనిపించదు. నా మట్టుకు ఇది ఎంఈడీ కన్నా విలువైనదే. కాకపోతే అదే ప్రయోజనం అయినప్పుడు ఎంఈడీయే ఎందుకు, చేతికి పని నేర్పే మరో చదువు ఎందుకు కాకూడదు అన్న ప్రశ్న అడగాలంటే ముందు ఆ సంగతి ఇంట్లో పైకి రావాలి.

ఇక ఉద్యోగం ఇచ్చేవాళ్ల వైపు నుంచి చూద్దాం. 1973లో మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికశాస్త్రవేత్త, చదువు మనిషి నైపుణ్యాన్ని ఏమాత్రం పెంచకపోయినా యజమానికి అతని సామర్థ్యానికి గుర్తుగా పనిచేయగలదని చూపించాడు. ఆ కృషికి 2001లో నోబెల్ వచ్చింది. కానీ అందరూ అదే గుర్తు తెచ్చుకుంటే? వరసలో నిలబడ్డవాడు ముందువాడి కన్నా ఎత్తుగా కనబడాలని మునివేళ్ల మీద లేస్తే కాసేపటికి అందరూ మునివేళ్ల మీదే ఉంటారు, ఎవరికీ కొత్తగా ఏమీ కనబడదు. ఎంబీఏల సంగతి చాలావరకు ఇదే. అన్ని పీజీలూ అలాంటివి కావు. పైడిభీమవరంలో మందుల కంపెనీలు ఉన్నంతకాలం ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ప్రయోగశాలలో నిజంగా చేయి తిరిగినవాడికి ఆ చదువుకూ పనికీ మధ్య దూరం తక్కువ. బడిలో పదేళ్లు పాఠం చెప్పి, తర్వాత డైట్‌లోనో బీఈడీ కాలేజీలోనో టీచర్లకు శిక్షణ ఇవ్వాలనుకునే మనిషికి ఎంఈడీ అచ్చంగా కావలసిన చదువు. పట్టా అదే, అది ఎవరి కోసమన్నది మారింది.

వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు చదువుకున్నారు. ఏరు దాటాక తెప్ప తగలేశాడని మనవాళ్లు కృతఘ్నుణ్ణి తిడతారు గానీ, బుద్ధుడు తన బోధను కూడా తెప్పతోనే పోల్చి, దాటాక దాన్ని నెత్తిన పెట్టుకు తిరగవద్దన్నాడు. దాటవలసిన ఏరు ఏదో తెలియకుండా తెప్ప కట్టుకునేవాడి గురించి ఆయన ఏమీ అన్నట్టు లేదు; అలాంటివాడు ఉంటాడని అనుకుని ఉండడు. మన కాలేజీల ప్రాస్పెక్టస్‌లలో భవనాల బొమ్మలు, బస్సుల బొమ్మలు నిండుగా ఉంటాయి. ఈ చదువు ఎవరికి, దేనికి, కిందటి మూడు బ్యాచ్‌లవాళ్లు ఇప్పుడు ఏ పనిలో ఉన్నారు అన్న పేజీ ఒకటి మొదట్లోనే అచ్చువేయమని అడగడానికి ఏ శాస్త్రమూ అడ్డం రాదు. ఆ పేజీ వచ్చేదాకా, చేరదలచుకున్నవాళ్లు డీఎస్సీ నోటిఫికేషన్‌లో అర్హతల పట్టిక ముందు చదివి, పాస్ అయిన ఇద్దరు ముగ్గురు సీనియర్లకు ఫోన్ చేసి, ఆ తర్వాతే దరఖాస్తు ఫారం నింపడం మంచిది. ఎంఈడీకి వయసు మీరిపోదు. గిడుగువారు ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మధ్య పదేళ్లు ఆగారు, ఆ పదేళ్లూ పాఠాలు చెబుతూనే ఉన్నారు.