అనువాదకుని విశ్వాసము

అన్యమతస్థుని భక్తికవితను స్వభాషలోనికి దెచ్చువాడు ఆ మతమును గూడ స్వీకరింపవలెనా యను ప్రశ్నకు, పాలమూరు సీమలోని పడకల్లున 1899లో జన్మించి, 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావుగారి సాహిత్యజీవితమే సమాధానము. శంకరుల సౌందర్యలహరిని దెనిగించిన యాయనయే, 1661 ప్రాంతమున ఢిల్లీలో శిరశ్ఛేదమునకు గుఱియైన సర్మద్ పారసీక రుబాయీలను గూడ తెనుగు చేసిరి. మొదటిది దేవిని కిరీటము మొదలు పాదముల వఱకు వర్ణించి కొలుచును. రెండవది వస్త్రమును సయితము త్యజించిన ఫకీరు నిరాకారునకు జేసికొన్న నివేదన. ఈ భేదమును జెఱిపివేయ బనిలేదు; పరుని యార్తిని దనదిగా ననుభవింపగల హృదయ మనువాదకునకు జాలును. పీర్ల పండుగనాడు పీరుకు దట్టీ కట్టి మ్రొక్కిన కోస్గి ప్రాంతపు రైతు, శనివారము వేంకటేశ్వరుని గొలుచుటలో నెట్టి వైరుధ్యమును జూడడు. స్వధర్మమును విడువకయే పరధర్మమును గౌరవించుట యాతనికి సహజము.