మారిన మనుష్యుడును పాత బాకీయును

ధ్యానమునకు: లూకా 19:1-10; ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక



గడచిన క్రిస్మసు దినములలో రెండు సంగతులు ఒకే వారమున నా యొద్దకు వచ్చినవి. మొదటిది వినోదముగా మొదలైనది. రెండవది నాకు నిద్ర లేకుండ చేసినది. మొదటిదే రెండవదానికి త్రోవ చూపునని అప్పుడు నేననుకొనలేదు.

మన పాస్టరేటులో పుట్టి పెరిగి, అమెరికాలో ఉద్యోగము చేసికొనుచున్న యౌవనస్థుడొకడు పండుగకు ఇంటికి వచ్చెను. అతడు అక్కడ 1951వ సంవత్సరపు షెవ్రొలే పికప్పు నొకదానిని కొని, సెలవు దినములలో తన చేతులతోనే బాగుచేసికొనుచున్నాడు. ఫోనులో దాని బొమ్మలు చూపించెను. గుండ్రని బానెట్టు, వెనుక తొట్టి అడుగున చెక్క పలకలు. చూచుటకు ముచ్చటైన బండియే. గుమాస్తా పని చేయు చేతులకు గ్రీజు ఎందుకురా అని వాళ్ల నాన్నగారు నవ్విరి గాని, నాకు వినవలెననిపించినది.

ఆ బండికి 216 ఘనపు అంగుళముల ఆరు సిలిండర్ల ఇంజను. ముందుకు మూడు గేర్లు. పొలము పనికిని ఊరి రోడ్లకును చేసినది గనుక వెనుక క్రౌను పినియను నిష్పత్తి 4.11గా నున్నది. అనగా పై గేరులో సైతము చక్రము ఒకసారి తిరుగుటకు ఇంజను నాలుగుసార్లకు పైగా తిరుగవలెను. గంటకు 60 మైళ్లు పోవలెనన్న నిమిషమునకు ఇంచుమించు 3,000 చుట్లు. ఆ ఇంజను రాడ్ల బేరింగులు బాబిట్ అను మెత్తని లోహముతో పోసినవి. రాడ్డు అడుగున నున్న గరిటె వంటి ముక్క తొట్టిలోని ఆయిలును చిమ్ముకొనుచు తిరుగును. అట్టిదానిని నేటి హైవేలో గంటల తరబడి ఉరికించుట దానిని చంపుటయే. అందుచేత అతడు పాత గేరు బాక్సు దించి, 1980ల నాటి బండ్లలో వాడిన బోర్గ్-వార్నర్ టి-5 అను ఐదు గేర్ల బాక్సు ఎక్కింప దలచెను. ఐదవ గేరులో అదే వేగమునకు ఇంజను నెమ్మదిగా తిరుగును.

రెండు శనివారముల పని అనుకొనెనట. నాలుగు నెలలు పట్టెను! మొదట క్లచ్చి ప్లేటు పండ్లు కొత్త షాఫ్టు పండ్లకు కలియలేదు, దానిని మార్చెను. అది చిన్న చిక్కే. పెద్ద చిక్కు వెనుకనున్నది. ఆ కాలపు సగము టన్ను షెవ్రొలే పికప్పులలో జాయింటు షాఫ్టు మన లారీలలో వలె బయటికి కనబడదు. అది ఒక ఇనుప గొట్టములో తిరుగును. ఆ గొట్టము వెనుక హౌసింగుకు గట్టిగా బిగింపబడి, ముందు వైపున గేరు బాక్సు వెనుక గుండు వంటి కీలులో కూర్చుండును. వెనుక ఇరుసు మెలితిరుగకుండ పట్టుకొనునది ఆ గొట్టమే. కొత్త బాక్సుకు ఆ గుండు కీలు లేదు. గొట్టమును పట్టుకొను చోటే లేదు. 1955 నమూనాలతో ఆ కంపెనీవారే గొట్టమును మాని బయటి షాఫ్టుకు వచ్చిరి. కాబట్టి ముందు గేరు బాక్సు మార్చినవాడు వెనుక హౌసింగు కూడ దించి, తరువాతి కాలపుదానిని ఎక్కింపక తప్పదు.

“ముందరిది మారిస్తే వెనకది మార్చక తప్పలేదు అయ్యగారూ,” అని అతడు చెప్పి, “ఇంత మార్చాక ఇది ఇంకా ఆ బండేనంటారా?” అని నన్నడిగెను.

సెమినరీలో మాకు ప్లూటార్కు వ్రాసిన థేసియసు ఓడ సంగతి చెప్పియుండిరి. ఏథెన్సువారు పుచ్చిన పలకలు తీసి కొత్త పలకలు వేయుచు ఆ ఓడను నిలుపుకొనగా, అది అదే ఓడయా, వేరొకటియా అని తత్త్వవేత్తలు వాదించిరట. నేను దానిని చెప్పబోవుచుండగా ఆ చిన్నవాడే మరియొక మాట అనెను: డ్రైవరు తలుపు దగ్గర కొట్టిన పలకమీది నంబరు మారలేదు, కాగితములు ఆ నంబరు మీదనే యున్నవి, రేపు అమ్మవలసివస్తే గేరు బాక్సు పాతది కాదని కొనువానికి చెప్పి తీరవలెను అని. వాని నోట ఆ మాట విని సంతోషించితిని.

ఆ వారమే మా ఇంటికి ఒక విధవరాలు వచ్చెను. ఆమె మన సంఘస్థురాలు కాదు. రెండేండ్ల క్రిందట బాప్తిస్మము పొందిన ఒక సహోదరుడు, అంతకు ముందెప్పుడో ఆమె వద్ద 40,000 రూపాయలు చేబదులు తీసికొనెను. నోటు లేదు, సాక్షి లేడు. ఆమె అడుగగా అతడు, నేను పాత మనుష్యుడను కాను, పాతవన్నియు గతించినవని చెప్పెనట. ఆమె గుమ్మములోనే నిలుచుండి, “మీ దేవుడు ఆయన బాకీ కొట్టేశాడంటగా అయ్యగారూ, మరి నా డబ్బు ఎవరినడగమంటారు?” అనెను.

అతడు వేషధారి కాడు. త్రాగుడు మానెను, భార్యమీద చెయ్యి ఎత్తుట మానెను, ఆదివారము తప్పడు. మందిరపు ప్రహరీ గోడకు 5,000 రూపాయలు ఇచ్చెను. ఆ చివరి సంగతియే నా నోరు కొన్నాళ్లు కట్టివేసినదని ఒప్పుకొనుచున్నాను. ఆ గోడ ప్రక్కనుండి పోవునప్పుడెల్ల దానిలో ఎవరి సొమ్మున్నదో అని మనస్సు పొడిచెడిది.

అతడు ఆధారము చేసికొన్నది 2 కొరింథీ 5:17. నూతన సృష్టి నిజమే. నేను దానిని ప్రకటించువాడనే. అయితే ఆ మాట వ్రాసిన పౌలే సంఘమును హింసించినది తానే అని చెప్పుకొనుచున్నాడు (1 కొరింథీ 15:9). ఎవడో సౌలు అనువాడు హింసించెననలేదు. ఒనేసిము మారిన తరువాత పౌలు అతనిని దాచిపెట్టుకొనలేదు, ఫిలేమోను యొద్దకే పంపెను. బాకీ యున్నయెడల అది పోయినదని వ్రాయలేదు. తన లెక్కలో వేయుమని, తానే తీర్తునని స్వహస్తముతో వ్రాసెను. లోపలిది మారినది గాని పలకమీది నంబరు మారలేదు. ఆ పేరు మీదనే రక్షణయును వచ్చినది, ఆ పేరు మీదనే బాకీయును నిలిచియున్నది.

దేవుడు క్షమింపలేదా అని మీరడుగవచ్చును. దేవునికి విరోధముగా చేసినదానిని దేవుడు క్షమించెను. ఆమె నలువది వేలు క్షమించుటకు ఆమె యున్నది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఋణస్థులను క్షమించువాడు అప్పిచ్చినవాడే; తీసికొన్నవాడు తన్ను తానే క్షమించుకొనుట అందులో లేదు. జక్కయ్యను చూడుడి. ప్రభువు అతనిని బాకీ అడుగలేదు. అతడే లేచి నిలిచి నాలుగంతలు మరల చెల్లింతుననెను. అతని ఇంటికి రక్షణ వచ్చినదని ప్రభువు పలికినది ఆ మాట తరువాతనే. ముందు బాక్సు మారినది గనుక వెనుక హౌసింగు ఇక పాతదిగా ఉండజాలదు. మన సహోదరుడు ముందుది మార్చి, వెనుక గొట్టమును అట్లే ఉంచి బండి నడపజూచుచుండెను.

ఇదంతయు అతనితో చెప్పుటకు నేను జనవరి మొదటి వారము వరకు ధైర్యము తెచ్చుకొనలేకపోతిని. చెప్పినప్పుడు అతడు కోపగించుకొనలేదు. చాలసేపు నేల చూచి, “గోడకిచ్చింది వెనక్కిస్తారా అయ్యగారూ?” అనెను. అర్పణ తిరిగి ఇచ్చుట ఎక్కడనైన యున్నదా అని కమిటీలో ఇద్దరు పెద్దలు గట్టిగానే వాదించిరి. మత్తయి 5:23, 24 చదివితిమి. 5,000 రూపాయలు ఆమెకే పంపుటకు తీర్మానమైనది. సంక్రాంతి వెళ్లిన తరువాత అతడు ధాన్యము అమ్మి, 12,000 రూపాయలు పట్టుకొని, నన్ను వెంట రమ్మనెను. లేవీయకాండము 6:5లోని అయిదవ వంతు సంగతి నేనింకను ఎత్తలేదు, ఎత్తవలెననియే యున్నది.

ఆమె అరుగు మీద కూర్చుండి నోట్లు రెండుమార్లు లెక్కించెను. మనుమని పిలిచి, గోడనున్న క్యాలెండరు మీద ఇంకను 23,000 అని వ్రాయించెను. తరువాత మా ఇద్దరికిని మజ్జిగ తెచ్చి ఇచ్చెను.