దయయా, ఋణమా?

సముద్రమునకు దూరమైన అమరాపురపు మెట్టసీమలో సీలు, సముద్రసింహము అను పేర్లు వింతగా తోచవచ్చును. ఇవి నీట వేటాడి ఒడ్డున విశ్రమించు పాలిచ్చు జంతువులు. గాయపడియో, తల్లిని బాసియో తీరము చేరిన వాటిని సాకుటకు అమెరికాలోని కాలిఫోర్నియాలో 1975లో ఒక వైద్యకేంద్రము వెలసినది. కోలుకొన్న వాటిని మరల సముద్రమున విడుతురు. చూపు చెడి వేటాడలేనివి మనుష్యుల పోషణలో మిగిలిపోవును.

కొలనులలో పెరుగు ఇట్టి జంతువుల కంటికి శుక్లము వచ్చినచో శస్త్రచికిత్స చేసి మసకబారిన కటకమును తొలగింతురు. ఇది సులభము కాదు. నీట మునుగుట కలవాటుపడిన ప్రాణి మత్తులో ఊపిరి బిగబట్టును, గుండె మందగించును. చుక్కలమందు వేయించుకొనుటను ముందుగానే చేపల నాశచూపి ఓర్పుతో నేర్పవలెను.

ఈ శ్రమను లోకము దయ యనును. అయితే శుక్లమేల వచ్చినది? వార్ధక్యము, కొట్లాటలు, పూర్వపు నేత్రవ్యాధులతోపాటు తగిన నీడ లేకుండుటయు ఇందుకు తోడగుచున్నదని 2010లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. నీడలేని కొలనును కట్టినది మనుష్యుడే. పందిరి వేయనివాడు శుక్లము తీయించి దాత ననుకొనుట తగునా?

ఈ ప్రశ్న సముద్రతీరముతో ముగియదు. అనంతపురపు కొండ లెరిగిన జంతువు ఎలుగుబంటి. దాని మూతిని పొడిచి త్రాడు గ్రుచ్చి వీధులలో ఆడించిరి. అట్లు విడిపింపబడిన వాటికి బెంగుళూరు చెంత బన్నేరుఘట్టలో ఆశ్రయము కలదు. కొన్ని చూపు కోల్పోయియే వచ్చినవి; వాటికిక అడవి లేదు. 2009లో ఈ ఆట ముగిసినది. ఆడించిన కలందరులకు వేరు జీవనోపాధి చూపుటయు ఆ కార్యములో భాగమైనది. కాయకము చూపక వృత్తిని మాన్పించుట న్యాయము కాదు గదా!

పేదల కన్నులు చికిత్సకై వేచియుండగా మృగమునకు ఈ వ్యయమేల యని కొందరడుగుదురు. పేదవానికి చూపునిచ్చుట తప్పక చేయవలసినదే. కాని ఋణదాతను వాకిట నిలిపి దానము చేయువానిని ఎవరును మెచ్చరు. మనుష్యుడు చెరచిన కన్ను మనుష్యుని అప్పు.

దాసోహమున “నేనిచ్చితిని” అను తలపు ఉండరాదు. ఇచ్చట “నేను తీసికొంటిని” అను తలపు ఉండితీరవలెను. చూపు తిరిగి వచ్చినను సముద్రము తిరిగి రాదు. త్రాడు తెగినను అడవి తిరిగి రాదు. ఆ మిగిలిన బాకీని మరువకుండుటయే దయకు మొదటి మెట్టు.