చూపు ఎటో బండి అటు

విశాఖపట్నమునుండి భీమునిపట్నమునకు సముద్రపుటొడ్డు బాటను మోటారు సైకిలుపై పోవుట ఆనందము. శృంగవరపుకోట దాటి, అనంతగిరి కాఫీతోటల మీదుగా అరకు ఘాటు రోడ్డెక్కుట మరింత ఆనందము. వంపువంపునకు బండి ఒరుగును. చల్లగాలి ముఖమునకు తగులును.

అయితే అచ్చట ఒక నియమము కలదు. వేగమును మలుపునకు ముందే తగ్గింపవలెను. ఒరిగిన బండికి గట్టిగా బ్రేకు వేసినచో చక్రము జారును. లోయనే చూచువాని బండి లోయవైపే పోవును. మలుపు చివరను చూచువాడు క్షేమముగా దాటును.

పేతురు నీళ్లమీద నడిచెను గదా! చూపు గాలివైపు మరలగానే అతని అడుగులు దిగబడెను. నేడు మన చూపు దేనిమీద నున్నది? ఇంటివద్ద మనకొరకు కనిపెట్టుకొనియున్న వారిని తలంచి, మలుపునకు ముందే వేగము తగ్గించుకొందము.