గోతిలోకి మనిషి దిగకముందే

తల్లీ, మున్సిపాలిటీలో ఏఈగా చేరావు. మొదట నీ మీద పడేవి డ్రైనేజీ పనులే. ఆ పనుల్లోనే తల నెరిసిన బాబాయిగా ఒక్క మాట చెబుతాను: పైపు వాలు, బెడ్డింగు తర్వాత చూద్దువు గాని, ముందు ట్రెంచి గోడ చూడు.

లోతు ఒకటిన్నర మీటర్లు దాటితే గోడలకు పలకలు ఆనించి షోరింగ్ కట్టాలని, లేదా వాలుగా తవ్వాలని తవ్వకాల భద్రతా ప్రమాణం ఐఎస్ 3764 చెబుతుంది. ఇరుకు సందుల్లో వాలుకు చోటుండదు, పలకలు కట్టడానికి మేస్త్రీకి ఓపిక ఉండదు. "రెండు గంటల పనే మేడమ్" అంటాడు. ఘనమీటరు మట్టి టన్నున్నర పైమాటే. ఛాతీ దాకా కూరుకుపోయినా చాలు, మనిషి ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకాస్త బిగుస్తుంది, మళ్లీ పీల్చనివ్వదు. అతన్ని లాగుదామని దూకినవాడి మీద రెండో పెళ్ల విరుగుతుంది. వాన పడిన మర్నాడు, లారీలు తిరిగే రోడ్డంచున, పాత మంచినీటి పైపు కోసం ఎప్పుడో తవ్వి పూడ్చిన చోటి పక్కన మరీ కనిపెట్టుకుని ఉండు. పూడ్చిన మట్టికి తొలిమట్టి పట్టు ఉండదు. తీసిన మట్టిని అంచునే పోస్తే ఆ బరువే గోడను లోపలికి తోస్తుంది, దూరంగా పోయించు. నిచ్చెన వేయని గోతిలోకి ఎవరినీ దిగనివ్వకు.

"అది కాంట్రాక్టరు బాధ్యత కదా" అని ఆఫీసులో అంటారు. అతని బాధ్యత ఎటూ ఉంది, దానివల్ల నీది పోదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఐదేళ్ల దాకా జైలు. పాత ఐపీసీ 304ఎలో రెండేళ్లే. నీ నిర్లక్ష్యమే నేరుగా ఆ చావుకు కారణమని రుజువు కావాలి, నిజమే. ఆ రుజువు వెతికేవాళ్లు మొదట తెరిచేది నువ్వు కొలతలు రాసే ఎం-బుక్కు. ఎస్టిమేట్‌లో షోరింగ్‌కు రేటుంటే, కట్టనిదాన్ని కట్టినట్టు కొలత రాశావంటే, నీ సంతకమే నీ మీద సాక్ష్యం. ఇందులో డీఈ చెప్పినా మొహమాటపడకు.

పని కాంట్రాక్టుకిచ్చినంత మాత్రాన బాధ్యత పోదనడానికి ఒక కేసు చెబుతాను. కెనడాలో సడ్బరీ నగరం వాటర్ మెయిన్ మరమ్మతు కాంట్రాక్టుకిచ్చి, నాణ్యత చూడమని తన ఇన్‌స్పెక్టర్లను పంపింది. 2015లో రోడ్డు దాటుతున్న ఒక మహిళ, వెనక్కి వస్తున్న గ్రేడర్ ఢీకొని చనిపోయారు. ఇన్‌స్పెక్టర్లను పంపిన నగరానికీ యజమాని బాధ్యత ఉందన్న తీర్పు 2023లో అక్కడి సుప్రీంకోర్టులో నిలిచింది. చివరికి నగరం బయటపడింది, తీసుకోవాల్సిన జాగ్రత్తలు తీసుకున్నానని చూపించగలిగింది గనుక. మన చట్టం వేరు. అయినా నీ దగ్గరా చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. చూసిన లోపాన్ని సైట్ ఆర్డర్ బుక్‌లో తేదీ, టైము వేసి రాయి, ఫోటో తీసి పెట్టుకో.

రాసేసి వచ్చేయడం మాత్రం వద్దమ్మా. ముందు మనుషుల్ని పైకి రప్పించు, తర్వాతే పుస్తకం తెరువు. పని ఆపావని కాంట్రాక్టరు పైవాళ్లకు ఫిర్యాదు చేస్తాడు, చేయనీ. మెమో వస్తే నాకు ఫోన్ చెయ్యి, జవాబు ఇద్దరం కూర్చుని రాద్దాం.